తల మాది, కాళ్లు వాళ్లవి

సెప్టెంబర్ 14, బుధవారం

ఉర్దూలో రాస్తే మా అబ్బా చదివేస్తాడు. తెలుగు చదవడం ఆయనకు దుకాణాల బోర్డుల వరకే వచ్చు. అందుకని ఈ నోటుబుక్కు తెలుగులో. భయ్యాకు తెలుగు బాగానే వచ్చు గానీ, అతను సంగారెడ్డిలో కానిస్టేబులుగా కొత్త ఉద్యోగంలో ఉన్నాడు. ఇంత దూరం వచ్చి నా రాతలు చదివే తీరిక అతనికెక్కడిది? ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూనే. ఆ మాటలనే ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

నిన్నటి నుంచి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. కాలేజీ బంద్, బడులు బంద్, ఆఫీసులు బంద్, బస్సులు బంద్. మా సిద్దిపేట మామూలుగానే మధ్యాహ్నం కునుకు తీసే ఊరు. ఇప్పుడు పొద్దున కూడా తీస్తోంది. బస్టాండులో కరీంనగర్ బోర్డు కింద ఒక గేదె పడుకుని నెమరు వేస్తోంది. బస్సు వచ్చేదాకా లేవనన్నట్టు ఉంది దాని వాలకం.

సాయంత్రం మాత్రం ఊరు లేచి కూర్చుంటుంది. అది చౌరస్తాలో దిష్టిబొమ్మను కాల్చే వేళ. మా విద్యార్థులకు పెద్ద ఇస్తారి, మా అందరికీ ఇస్తారన్న. మిరుదొడ్డి నుంచి వచ్చి ఇక్కడ గది కిరాయికి తీసుకుని పీజీ చదువుతున్నాడు. గడ్డి అతను బండి మీద ఊరి నుంచి తెస్తాడు. మా క్లాసు స్వర్ణ పిండి సంచి మీద బొగ్గుతో మొహం గీస్తుంది. ఎవరిని గీసినా కళ్లు ఒకేలా వస్తాయి, అందరు మంత్రులూ అన్నదమ్ముల్లా ఉంటారు. బట్టలు తెచ్చే బాధ్యత నాది. నా అర్హత హనీఫ్ టైలర్ కొడుకును కావడం.

అబ్బా దుకాణంలో అటక మీద ఆది చొక్కాలు కుప్పలుగా ఉన్నాయి. కొలతకని ఇచ్చి, కొత్త చొక్కా తీసుకుపోయి, పాతది మరిచిపోయిన గిరాకీలవి. వాళ్లు మరిచిపోయారు, అబ్బా మరిచిపోయాడు. ఉద్యమం గుర్తు చేసుకుంది.

సెప్టెంబర్ 16, శుక్రవారం

బొమ్మ కాల్చాం. పోలీసులు లాక్కోబోయారు. మేం చేతుల వైపు, వాళ్లు కాళ్ల వైపు. మధ్యలో నడుము తెగి గడ్డి అంతా రోడ్డు మీద పడింది. బస్టాండు గేదె లేచి వచ్చి సగం మంత్రిని తినేసింది. టీవీ వాళ్లు అది చూపించలేదు.

సెప్టెంబర్ 18, ఆదివారం

భయ్యా వచ్చాడు. సెలవు మీద కాదు, బందోబస్తుకు. సొంత ఊరి చౌరస్తాలో, తను చదివిన కాలేజీ పిల్లల ముందు, హెల్మెట్ పెట్టుకుని నిలబడాలట. మిగతా వాళ్లతో పాటు ఫంక్షన్ హాలులో పడక, భోజనానికి మాత్రం ఇంటికి వస్తాడు. అమ్మీ సంతోషంగా బగారా వండింది. తినేటప్పుడు ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు.

సంగతేమిటంటే, సిద్దిపేటలో రోజూ బొమ్మ కాలడం టీవీలో వస్తోందట. పైనుంచి ఇన్‌స్పెక్టర్‌కు తిట్లు, ఇన్‌స్పెక్టర్ నుంచి వీళ్లకు. ఇక మీద పూర్తిగా బొమ్మ కాలితే ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్లకు మెమో. భయ్యాకు ఇదివరకే ఒక మెమో ఉంది, లాఠీ ఎత్తమన్నప్పుడు ఎత్తలేదని. ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. రెండో మెమో వస్తే ఇంటికే అని తలుపు దగ్గర బూట్లు విప్పుకుంటూ నాకు ఒక్కడికే చెప్పాడు.

ఆ ఉద్యోగం కోసం అతను కోమటిచెరువు కట్ట మీద ఎన్ని నెలలు పరుగెత్తాడో నాకు తెలుసు. వెనక సైకిలు మీద నీళ్ల సీసా పట్టుకుని పోయింది నేనే.

అమ్మీకి ఎవరు చెప్పారో గానీ, చౌరస్తాలో నేనేం చేస్తున్నానో తెలిసిపోయింది. అంట్లు తీస్తూ అన్నది, “ఒకడు అంటువెట్టేటోడు, ఒకడు ఆర్పేటోడు. ఇద్దర్ని నేనే కన్న. ఎవనికి దెబ్బ తాకినా నేను బతుక.”

సెప్టెంబర్ 20, మంగళవారం

సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక డాబా మీద భయ్యా, నేను ఒప్పందం చేసుకున్నాం. మెమో రాకూడదు, ఇస్తారన్న ముందు నా పరువూ పోకూడదు. భయ్యా గంభీరంగా ఆలోచించి పరిష్కారం చెప్పాడు.

“నిప్పు తలకు వెట్టున్రి. మూడుసార్లు నినాదమియ్యున్రి. ఫోటోలు దిగుతయి. గంతల నేనొచ్చి కాళ్లు వట్టి గుంజుకపోత. మీది కాలినట్టే, మేం గుంజుకున్నట్టే.”

తల మాది, కాళ్లు వాళ్లవి. ఢిల్లీలో ఇన్నేళ్లుగా తెగని పంచాయితీ మా డాబా మీద చాయ్ తాగేలోపు తెగింది. నాకు ఎంత నవ్వు వచ్చిందో. భయ్యా నవ్వలేదు. “నేను వచ్చేదాక ఆ కాళ్లకు నిప్పు తగలొద్దు. నేను జూడకుంట వడత. నీ మీదనే ఇడిసిపెడుతున్న,” అన్నాడు.

సెప్టెంబర్ 21, బుధవారం

పనిచేసింది. తల మండింది, మూడు నినాదాలు అయ్యాయి, భయ్యా వచ్చి కాళ్లు పట్టి లాక్కుపోయాడు. నేను అతని వీపు మీద “పోలీస్ జులుం నశించాలి” అని అరిచాను. రాత్రి అన్నంలో అతని కంచంలో నుంచి మాంసం ముక్క తీసుకుంటే ఏమీ అనలేదు.

సెప్టెంబర్ 24, శనివారం

దొరికిపోయాను.

నంగునూరు వీరయ్య అనే రైతు అబ్బా దుకాణానికి వచ్చాడు. నేను మిషను పక్కన కాజాలు కుడుతున్నాను. ఆయన వస్తూనే అన్నాడు, “హనీఫ్ భాయ్, నిన్న టీవీల మంత్రి తొడుక్కున్నది నా అంగి. సంకల నల్ల దారంతోని నా పెండ్లామే కుట్టింది, నాకు ఎర్కలేదా?” కోపం ఏమీ లేదు. పైగా ముందే చెబితే ఇంకాస్త మంచిది ఇచ్చేవాడినన్నాడు. ఊళ్లో అందరికీ చెప్పుకున్నాడట, తన అంగి టీవీలో వచ్చిందని.

ఆయన వెళ్లాక అబ్బా అటక మీదికి చూశాడు. కుప్ప తగ్గింది. నేను ఉద్యమం గురించి పెద్ద ఉపన్యాసం తయారు చేసుకున్నాను. అబ్బా ఉద్యమం ఊసే ఎత్తలేదు. “గిరాకీ బట్ట అమానత్. వాడు పదేండ్లకొచ్చి అడిగినా ఇయ్యాలె,” అన్నాడు. అటక మీద చెయ్యి పెట్టొద్దన్నాడు. తర్వాత ఇంటికొచ్చి తన ట్రంకు పెట్టె తెరిచి, పాత నూలు కుర్తాలు, పైజామాలు తీసి నా ముందు వేశాడు. “కాలవెట్టేది ఉంటే మనది కాలవెట్టు.”

నేను ఆ ఉపన్యాసం ఇక్కడైనా రాద్దామనుకున్నాను. గుర్తు రావడం లేదు.

సెప్టెంబర్ 27, మంగళవారం

దసరా దగ్గరికొచ్చినా దుకాణంలో మిషను చప్పుడు లేదు. జీతాలు లేవు కాబట్టి కొత్త బట్టలు లేవు. చౌరస్తాలో మంత్రులు మాత్రం రోజుకొక జత మారుస్తున్నారు. పైజామా కుర్తాలో వాళ్లు మా చిన్నాన్నల్లా కనిపిస్తున్నారు.

సెప్టెంబర్ 30, శుక్రవారం

స్వర్ణ మొహం గీస్తూ గీస్తూ అన్నది, “ఆ పోలీసాయిన ఎప్పుడు జూసినా కాళ్లే వడ్తడు. తలదిక్కు రానే రాడు. మీ అన్ననే గదా, హస్నైన్?”

ఎగతాళికే అన్నది. ఇస్తారన్న గడ్డి కూరుతున్నవాడు ఆగి నావైపు చూశాడు. నేను బొమ్మ చేతికి సుతిలి కట్టడంలో చాలా శ్రద్ధ చూపించాను. కాసేపటికి అతను, మన బొమ్మ ఒక్కసారైనా పూర్తిగా కాలిందా అని అందరినీ అడిగాడు. వాళ్లు తోలుబొమ్మలాట ఆడుతుంటే మనం చప్పట్లు కొడుతున్నామా అని కూడా అడిగాడు. నన్ను చూసి కాదు, గడ్డిని చూసి.

అతని తప్పు లేదు. అతని గదిలో పక్కమంచం పిల్లవాడు పోయినేడు ఒంటికి నిప్పంటించుకుని పోయాడు. అప్పటి నుంచి ఇస్తారన్న ఈ పనిలో ఎప్పుడూ నవ్వడు. అదంతా తెలిసీ ఆ నిప్పుతో ఒప్పందాలు చేసుకున్నవాడిని నేను.

భయ్యాకు చెప్పాలి, అనుమానం వచ్చిందని. చెబితే ఒప్పందం రద్దు అంటాడు. రద్దయితే బొమ్మ కాలాలి, లేదా లాఠీ లేవాలి. రేపు చెబుతాను.

అక్టోబర్ 1, శనివారం

చెప్పలేదు. భయ్యా అలసిపోయి ఉన్నాడు.

అక్టోబర్ 3, సోమవారం, పొద్దున

అబ్బా పాత నూలు బట్టలు అయిపోయాయి. ఒక కుర్తా మిగిలింది, కింద వేయడానికి ఏమీ లేదు. ట్రంకు అడుగున భయ్యా ఇంటర్ చదివినప్పటి ప్యాంటు దొరికింది. టెరికాట్.

దర్జీ ఇంట్లో పుట్టినవాడికి టెరికాట్ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు నేనూ భయ్యా దారప్పోగులు దీపానికి పెట్టి ఆడేవాళ్లం. నూలు పోగు బూడిదై రాలిపోతుంది. టెరికాట్ పోగు కరిగి నల్ల పూసలా వేలికి అంటుకుంటుంది, చర్మంతో పాటు గానీ ఊడదు. మా ఇద్దరి బొటనవేళ్ల మీదా ఆ మచ్చలు ఇంకా ఉన్నాయి.

ఫరవాలేదు. నిప్పు తలకే కదా పెట్టేది.

అక్టోబర్ 3, సాయంత్రం

పొగ అడ్డమొచ్చింది. నాకు కనిపించలేదు.

అక్టోబర్ 4, మంగళవారం

భయ్యా రెండు అరచేతులూ కాలాయి. దవాఖానలో డాక్టరు కరిగి అంటుకున్న బట్టను పట్టకారుతో ఒక్కొక్క ముక్కగా తీస్తుంటే భయ్యా గోడవైపు చూస్తూ ఉన్నాడు. చిన్నప్పుడు వేలి మీద పూస పడితే ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చినవాడు. అమ్మీ బయట బెంచీ మీద తస్బీ పూసలు తిప్పుతోంది. నన్ను చూసి తిప్పడం ఆపలేదు, పక్కన కూర్చోమని కూడా అనలేదు.

జరిగింది వరుసగా రాస్తాను. రాస్తే తలలో తిరగడం ఆగుతుందేమో.

బొమ్మను కర్రకు కట్టి నిలబెట్టాం. కర్ర కింది భాగం నేను పట్టుకున్నాను. ఇస్తారన్న పెట్రోలు సీసా విప్పాడు. రోజూ తల మీద పోసేవాడు నిన్న వంగి కాళ్ల మీద పోశాడు. కాస్త నా ప్యాంటు మీద కూడా చిందింది. కొత్త ప్యాంటు, భయ్యా మొదటి జీతంలో నుంచి రంజాన్‌కు కొని అబ్బాతో కుట్టించింది. వాసన పోదు, అమ్మీ తిడుతుందే అనుకున్నాను. అగ్గిపుల్ల గీశాడు. కాళ్లు అంటుకున్నాయి. ఒక్క నినాదం కూడా పూర్తి కాలేదు, భయ్యా పరుగెత్తుకుంటూ వచ్చాడు. మూడు నినాదాల తర్వాత రావాలి కదా! ఒప్పందం అదే కదా. ఎందుకు తొందరపడ్డాడో అర్థం కావడం లేదు. వచ్చి రోజూ పట్టుకున్నట్టే రెండు కాళ్లూ పట్టుకుని అవతలికి లాగాడు. వదలబోతే చేతులు రాలేదు.

చూడకుండా పడతానన్నాడు కదా. చూడలేదు. పొగ అడ్డమొచ్చి ఉంటుంది అతనికి కూడా.

అక్టోబర్ 5, బుధవారం

ఇన్‌స్పెక్టర్ దవాఖానకు వచ్చాడు. నేను మంచం పక్కనే ఉన్నాను, తమ్ముడినని తప్ప ఇంకేమీ తెలియదు ఆయనకు. పెట్రోలు పోసింది ఎవరు, అంటించింది ఎవరు, కర్ర పట్టింది ఎవరు, పేర్లు చెప్పమన్నాడు. హత్యాయత్నం కేసు పెడతానన్నాడు. ఒక్కొక్కడి చదువు చౌరస్తాలోనే ముగిసిపోవాలన్నాడు. పేర్లు చెబితే భయ్యా ఉద్యోగం పక్కా చేయించే పూచీ తనదని మెత్తగా కూడా చెప్పాడు.

మంచం కోడు పట్టుకున్నాను.

భయ్యా ఆయన వైపే చూస్తూ అన్నాడు, “ఎవరు అంటువెట్టిన్రో నేను జూడలే సార్. పొగ అడ్డమొచ్చింది.”

నా మాటే. ఈ నోటుబుక్కులో నేను రాసుకున్న మాటే, అతని నోట్లో నుంచి వచ్చింది.

ఎదురుగా జరిగింది కనపడని కానిస్టేబులు మాకెందుకయ్యా అన్నాడు ఇన్‌స్పెక్టర్. సాయంత్రం మెమో వచ్చింది. రెండోది. సంతకం పెట్టడానికి చేతులు లేవని, దాన్ని తెచ్చిన జవాను దిండు కింద పెట్టి పోయాడు.

అక్టోబర్ 6, గురువారం

దసరా. భయ్యాను ఇంటికి తెచ్చాం.

ఊరి బయట రావణుడిని కాల్చారట. అతనికి పర్మిషను ఉంది, పోలీసులు చుట్టూ తాడు కట్టి మరీ కాల్చనిచ్చారట. నేను పోలేదు.

పొద్దు గూకే వేళ ఇస్తారన్న జమ్మి ఆకు పట్టుకుని వచ్చాడు. ప్రతి దసరాకూ మా గల్లీలో చేతిలో జమ్మి పెట్టి అలాయ్ బలాయ్ అంటూ కౌగిలించుకునేవాళ్లు మా ఇంటికీ వస్తారు. కానీ ఇతను గడప దగ్గరే ఆగిపోయాడు. అబ్బా లోపలికి పిలిచాడు. ఇస్తారన్న భయ్యా ముందు నిలబడి, జమ్మి ఎక్కడ పెట్టాలో తెలియక, కట్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. చివరికి భయ్యా చొక్కా జేబులో పెట్టాడు. భయ్యా మోచేతులతోనే అతన్ని దగ్గరికి తీసుకున్నాడు.

“మూడు నినాదాల దాక రారనుకున్న అన్నా. గప్పటికి బొమ్మ కాలిపోతుండె. నీ చేతులు అడ్డమొస్తయనుకోలే,” అన్నాడు ఇస్తారన్న. అతను ఏడవగలడని నాకు తెలియదు.

అతనికి మా లెక్క అంతా తెలుసన్నమాట. మూడు నినాదాలతో సహా.

అక్టోబర్ 7, శుక్రవారం

నాకు కనిపించింది.

అగ్గిపుల్ల ఇంకా గీయనే లేదు, పొగ ఎక్కడి నుంచి వస్తుంది? ఇస్తారన్న వంగడం చూశాను. సీసా కాళ్ల మీద వంచడం చూశాను. “భయ్యా, కాళ్లు వట్టకు” అని ఒక్క అరుపు సరిపోయేది. నోటిదాకా వచ్చింది. అరిస్తే ఒప్పందం ఉందని చుట్టూ ఉన్న అందరికీ తెలిసిపోతుంది, నన్ను ద్రోహి అంటారు, స్వర్ణ ఇంకెప్పుడూ నాతో మాట్లాడదు. ఇన్ని ఆలోచనలకు టైం దొరికింది నాకు. ఒక్క మాటకు దొరకలేదు.

నేను పిరికివాడిని. వేరే మాట వెతికాను, దొరకలేదు.

అక్టోబర్ 8, శనివారం

మధ్యాహ్నం భయ్యాకు అన్నం నేనే తినిపించాను. అమ్మీ కలిపి ఇచ్చి, దుకాణంలో అబ్బాకు డబ్బా ఇవ్వడానికి పోయింది. ఇంట్లో మేమిద్దరమే.

“ఇగ ఇప్పుడు చేతులు నీయి, నోరు నాది,” అన్నాడు భయ్యా. ఆ డాబా మీది ఒప్పందానికి అప్పుడు నవ్వనివాడు ఇప్పుడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ముద్ద పెద్దదయిందన్నాడు, చిన్నది చేశాను.

ఉద్యోగం సంగతి అడిగాను. వచ్చే వారం సంగారెడ్డిలో పిలుస్తారని, తీసేస్తే అబ్బా పక్కన ఇంకో మిషను వేస్తానని, అయితే మిషను తొక్కడానికి కాళ్లు చాలు గానీ కత్తెర పట్టడానికి చేతులు రావాలని, వేరే ఎవరిదో కథ చెబుతున్నట్టు చెప్పాడు. కొంచెం నమిలి, అదే గొంతుతో అడిగాడు.

“ఇస్తారి కాళ్ల మీద పోసుడు నువ్వు జూసినవా?”

పొగ అన్న మాట నాలుక మీదే ఉంది. రోజుల తరబడి అక్కడే కూర్చుంది.

“చూసిన,” అన్నాను.

“నేను గూడ జూసిన.”

నాకు అర్థం కాలేదు. చూస్తే ఎందుకు పట్టుకున్నావన్నాను. ఆ ప్యాంటు టెరికాట్ అని తెలియలేదా అన్నాను.

“నా ఇంటర్ పాయింటు నేను గుర్తువట్టనా? అంటుకుంటదని తెల్సు.” నోట్లో ఉన్నది మింగాడు. “నీ పాయింటు గూడ గదే బట్ట గదరా, నేనే గద కొన్న. మోకాలు దాక పెట్రోలుతోని తడిసుండె. నువ్వేమో బొమ్మకు ఆనుకొని నిలవడ్డవ్. మంట నీ దిక్కు వంగుతుండె. గప్పుడు ఏం వట్టాల్నో సూసుకుంట కూసుంటనా?”

బయట తీగ మీద నా ప్యాంటు ఆరుతోంది. అమ్మీ దాన్ని రోజూ ఉతుకుతోంది, వాసన పోవడం లేదని. ఎందుకన్నిసార్లు ఉతుకుతోందో నేను ఒక్కసారీ అడగలేదు.

చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. భయ్యా నోరు తెరిచి ఎదురు చూస్తున్నాడు.

“పెట్టు,” అన్నాడు.

పెట్టాను.